గొంతు ఒక్కటే చాలదు

“ఇక్కడ చూడండి,” అంది ఫోనులోని గొంతు. “వెల్తురు ఇట్ల వచ్చి, గాజును తాకినాక ఇట్ల వంగి పోతుంది. చూసినారు గదా?”

“ఎక్కడ చూడాల?” అని కసిరింది జయప్రియ. “ఇట్ల అంటే ఎట్ల?”

ఇంట్లో ఎవరూ లేరు. ఆమె కసిరింది ఫోనునే. ఫోనులో మాట్లాడుతున్నది కూడా ఆమే.

ఆ పాఠాలు కరోనా కాలంలో చెప్పినవి. బడి మూసేశారు, ప్లస్ టూ పిల్లలకు పరీక్షలు ఉంటాయో ఉండవో తెలియదు. అప్పుడు జయప్రియ పెరటి గదిలో తలుపుకు నల్లబోర్డు తగిలించి, భర్త ఉదయకుమార్ చేత ఫోను పట్టించి, ఫిజిక్సులో కాంతి పాఠాలన్నీ చెప్పింది. అద్దాలు, లెన్సులు, ఇంద్రధనుస్సు, సబ్బుబుడగ మీది రంగులు, అన్నీ. పక్కవీధి మగ్గాల చప్పుడు, మధ్యమధ్య ఉదయకుమార్ దగ్గు కూడా వాటిలో పడ్డాయి. అయినా పాఠాలు ఎంత బాగున్నాయంటే, బడి తెరిచాక కూడా పిల్లలు ఒకరి ఫోనునుంచి ఒకరు తీసుకుని వినేవాళ్ళు. సత్రపట్టినుంచి, శ్రీవిల్లిపుత్తూరునుంచి కూడా ముక్కూమొహం తెలియని పిల్లలు ఫోను చేసి “మిస్, మీ పాఠం విన్నాం” అనేవాళ్ళు.

అప్పటికి ఆమెకు చూపు ఇంకా కొంత ఉండేది. చిన్నప్పుడు సేత్తూరులో పొద్దుగూకితే ఆమెకు దారి ఆనేది కాదు. అమ్మ రేచీకటి అనుకుని ములగాకు వండి పెట్టేది. మదురై ఆసుపత్రిలో డాక్టరు ఆ జబ్బు అసలు పేరు చెప్పేసరికి జయప్రియకు పెళ్ళి అయింది, తెలుగూ తమిళమూ రెండూ మాట్లాడే రాజపాళయంలో ఒక మిల్లువాళ్ళు నడిపే బడిలో ఉద్యోగమూ వచ్చింది. చూపు అంచులనుంచి లోపలికి మూసుకుంటూ వస్తుందని, ఆపే మందు లేదని డాక్టరు దాచకుండా చెప్పాడు. అట్లాగే వచ్చింది. ఇప్పుడు ఆమెకు మిగిలింది కిటికీ ఎటువైపు ఉందో తెలిసేంత వెలుగు మాత్రమే.

అది కూడా ఆమెను ఆపలేదు. లెక్కలన్నీ నోటికి వచ్చు, బోర్డు కొలత చేతికి తెలుసు. కానీ పోయిన నెల ఒకరోజు బోర్డు మీద లెన్సు బొమ్మ గీసి, దాని పక్కన సూత్రం రాయబోయి, బొమ్మ మీదే రాసేసింది. మళ్ళీ దాని మీదే ఇంకో సూత్రం రాసింది. పిల్లలు నవ్వలేదు. ఎవరో ఒకరు ఫోటో మాత్రం తీశారు. సాయంత్రానికి ఆ ఫోటో పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో తిరిగింది.

మర్నాడు కరెస్పాండెంట్ హరిహరన్ పిలిపించాడు. బడి ఆయన తాతలు కట్టించింది. ముప్పై దాటి ఎన్నో ఏళ్ళు కాలేదు, చెడ్డవాడు కాదు. టేబులు అవతలనుంచి లేచి వచ్చి, ఆమె కుర్చీ తానే జరిపి కూర్చోబెట్టాడు.

“టీచర్, మీ మీద మాకు ఎంత మర్యాద ఉండాదో మీకు తెలుసు. జీతం ఎప్పటిమాదిరే వస్తుంది. నిమ్మళంగా ఇంట్లో ఉండండి. పిల్లలకు మీ పాడమే పెడతాం.”

“నా పాడం ఎట్ల పెడతారు, నేను లేకుండా?”

“వీడియోలు ఉండాయి గదా! స్మార్ట్ బోర్డులో వేస్తాం. మీరా మిస్ పక్కన నిలబడి చూసుకుంటుంది. అదీ మీ గొంతే, మీరు చెప్పిందే. ఇప్పటికన్నా అప్పుడు...” అని ఆగిపోయాడు.

“అప్పుడు బాగా చెప్పినాను అంటారు. అంతే గదా?”

హరిహరన్ చేతి గడియారం టేబులుకు తగిలిన చిన్న చప్పుడు వినిపించింది. జయప్రియ లేచి, తలుపు ఎటుందో తడుముకోకుండా నేరుగా నడిచి బయటికి వచ్చింది. ఆ గదికి ఎన్నోసార్లు వచ్చింది మరి.

ఇంటికి వచ్చి రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు ఫోను తీసి, తన స్థానంలో కూర్చున్న ఆ మనిషి ఏం చెబుతోందో విందామని మొదలుపెట్టింది.

మొదట ముచ్చటేసింది. గొంతులో ఎంత హుషారు! ఎండమావి గురించి చెబుతూ శంకరన్‌కోవిల్ రోడ్డులో మధ్యాహ్నం నీళ్ళు మెరిసినట్టు కనపడే చోటు ఏదో చెప్పి, నవ్విస్తోంది. తర్వాత కొంచెం కొంచెంగా చిరాకు పుట్టింది. ఆ గొంతు ప్రతి రెండో మాటకీ “చూడండి” అంటోంది. “ఈ బాణం గుర్తు చూడండి”, “ఇది దానికన్నా చిన్నది, చూసినారా”, “ఇదో, ఇక్కడ కలుస్తాయి”. విషయం చెప్పవలసిన చోట వేలు చూపించి తప్పుకుంటోంది. కళ్ళున్నన్నాళ్ళూ జయప్రియకు అది పాఠం లాగే అనిపించింది. ఇప్పుడు చీకట్లో కూర్చుని వింటుంటే, అసలు కష్టమైన చోటల్లా తాను ఏమీ చెప్పనే లేదని తెలిసింది.

వెలుగు గాజులోకి వెళ్ళగానే వంగుతుందట. ఎందుకు వంగుతుంది? ఫోనులోని జయప్రియ గీత గీసి, “ఇట్ల” అంది. సూత్రం రాసింది. ముందుకు పోయింది.

జయప్రియ అదే పాఠం మళ్ళీ పెట్టి వింది. ఆపింది. వంటింట్లోంచి చీపురుపుల్లలు తెచ్చి నేలమీద పరిచి, వేళ్ళతో తడుముతూ ఆలోచించింది. మళ్ళీ వింది. రోజులు అట్లాగే గడిచాయి. అన్నం పొయ్యి మీద మాడిపోయిన రోజు కూడా ఒకటి ఉంది. ఒక్కొక్క పాఠాన్నీ “చూడండి” అన్న మాట లేకుండా మళ్ళీ తనకు తాను చెప్పుకుంది. కొన్ని కుదిరాయి. కొన్నిటికి చేతులు కావాలి, కొన్నిటికి కాళ్ళు కావాలి. కాళ్ళతో చెప్పవచ్చని తట్టిన రోజు పెరట్లో ఒక్కతే నిలబడి గట్టిగా నవ్వింది.

ఆ సాయంత్రం ఉదయకుమార్ ఇంటికి రాగానే చెప్పింది. “సోమవారంనుంచి స్కూల్‌కి పోతాను.”

ఆయన సర్జికల్ గుడ్డ నేసే చోట సూపర్‌వైజరు. చొక్కాకు అంటిన దూది దులుపుకుంటున్నవాడు ఆగాడు. “ఏమిటికి ప్రియా? వాళ్ళు రావద్దు అనలేదు, మర్యాదగా చెప్పినారు. పోయి ఏం చేస్తావు?”

“పాడం చెప్తాను.”

“మళ్ళీ ఎవడన్నా ఫోటో తీస్తే? నాకు ఆ ఫోటో మా యూనిట్‌లో పనిచేసేవాడు చూపించినాడు. తెలుసా నీకు? ‘అయ్యో పాపం, మీ ఇంట్లో అక్కకి’ అన్నాడు. ఆ పొద్దు నేను ఎట్ల నిలబడినానో నాకు తెలుసు.”

“మీకు సిగ్గా?”

“సిగ్గు కాదు. నిన్ను చూసి ఊరు జాలిపడేది నాకు తాళదు.”

“జాలిపడేవాళ్ళు పడనీండి. వాళ్ళు జాలిపడతారని నేను ఏమిటికి ఇంట్లో దాక్కోవాల? నా గొంతు మాత్రం స్కూల్‌కి పోవాల, నేను సుమ్మా ఊరికే ఇంట్లో కూర్చోవాల. చచ్చిపోయినవాళ్ళకు గదా అట్ల చేస్తారు!”

ఆ మాటకు ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “నేను బండిలో తీసుకుపోను,” అన్నాడు. “నువ్వు పడిపోతే ఆ పాపం నాకొద్దు.”

“సరి,” అంది జయప్రియ.

మదురై ఆసుపత్రిలో ఇచ్చిన తెల్ల కర్ర బీరువాలో చీరల కింద మడత విప్పకుండా పడి ఉంది. అది చేతబట్టుకుంటే ఊరంతటికీ గుడ్డిదాన్నని దండోరా వేసినట్టేనని ఆమె ఇన్నాళ్ళూ దాన్ని ముట్టలేదు. సోమవారం పొద్దున దాన్ని తీసి విదిలించింది. కీళ్ళన్నీ టకటకమని సాగి నిటారుగా నిలిచింది. వీధిలోకి రాగానే ఎదురింటి అరుగుమీది మాటలు ఆగిపోయాయి. ఆగనీ అనుకుని, కర్ర గట్టిగా రోడ్డుకు తాటిస్తూ నడిచింది. మలుపులో షేర్ ఆటో ఎక్కింది. దిగేచోట ఆటో నడిపేవాడు “అమ్మా, చెయ్యి పట్టుకోనా?” అని తమిళంలో అడిగాడు. “వద్దు తంబి, గేటు ఎన్ని అడుగులో చెప్పు చాలు,” అంది.

స్టాఫ్ రూముకు వెళ్ళలేదు. తిన్నగా ప్లస్ టూ క్లాసుకు పోయి, ఆఖరి బెంచీలో ఒక పిల్లను జరగమని కూర్చుంది. గదిలో గుసగుసలు లేచి అణిగాయి. మీరా మిస్ కెమిస్ట్రీ చదివిన పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. దగ్గరికి వచ్చి హీనస్వరంతో, “అక్కా, మీరు వచ్చినట్టు సార్‌కి తెలుసా?” అంది.

“తెలుస్తుంది. నువ్వు నీ పని చెయ్యి మా.”

స్మార్ట్ బోర్డు మోగింది. గది నిండా తన గొంతే. “ఇక్కడ చూడండి. వెల్తురు ఇట్ల వచ్చి...”

జయప్రియ దాన్ని వినలేదు, పిల్లల్ని వింది. ఎవరో పెన్ను మూత తీసి పెడుతున్నారు, తీసి పెడుతున్నారు. ఎవరో ఆవులించారు. మూడో వరుసలో ఇద్దరు క్రికెట్ మాట్లాడుకుంటున్నారు. గొంతు అవేవీ పట్టించుకోకుండా సాగిపోతోంది. ఎదురుగా ఉన్నవాళ్ళు నిద్రపోతున్నారని దానికి తెలియదు.

“మిస్,” అని లేచింది ముందు బెంచీలో ఒక అమ్మాయి. ఆనంది, సత్రపట్టి బస్సులో వచ్చే పిల్ల. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల కావడంతో కంగారులో తెలుగే వచ్చింది. “అది ఏమిటికి వంగుతుంది? సూటిగా పోవచ్చు గదా?”

మీరా తటపటాయించింది. వీడియో ఆగలేదు. “చూసినారు గదా, ఇప్పుడు సూత్రం రాసుకుందాం,” అంది గొంతు.

“తర్వాత చూద్దాం ఆనందీ, కూర్చో. పాడం పోతా ఉండాది,” అంది మీరా.

“ఆపు మీరా,” అంది జయప్రియ వెనకనుంచి.

గదంతా తిరిగి చూసినట్టు బెంచీలు కిర్రుమన్నాయి.

“ఆపు. ఆ గొంతుకు ఆ పిల్ల అడిగింది వినపడదు. నాకు వినపడింది.”

మీరా ఆపింది. అంతసేపూ గది నిండా ఉన్న తన గొంతు టక్కున పోయింది. జయప్రియ కర్ర ఆనించుకుంటూ ముందుకు నడిచింది. బెంచీ కాలొకటి తగిలింది, తూలి నిలదొక్కుకుంది. ఎవరో పట్టుకోబోతే చెయ్యి విడిపించుకుంది.

“ఆనంది అడిగింది మంచి ప్రశ్న. ఆ వీడియోలో దానికి జవాబు లేదు. నేనే చెప్పలేదు. పదండి, గ్రౌండ్‌కి పోదాం. పందిరికి కట్టే పొడుగు వెదురు ఒకటి తీసుకు రండి.”

గ్రౌండులో బాస్కెట్‌బాల్ ఆడే సిమెంటు గచ్చు, దాన్ని ఆనుకుని లాంగ్‌జంప్ చేసే ఇసుక గుంట ఉన్నాయి. జయప్రియ పిల్లల్ని వెదురు వెనక వరసగా నిలబెట్టి, అందరిచేతా రెండు చేతులతో దాన్ని రొమ్ముకు ఆనించి పట్టుకోమంది. వరస ఇసుకకు ఏటవాలుగా ఉండేటట్టు సర్దింది. ఎడమ చివర ఆనంది.

“ఇప్పుడు కళ్ళు మూసుకోండి. మోసం చెయ్యకూడదు. నా చప్పట్లకు అడుగు వెయ్యాల. గచ్చు మీద పెద్ద అంగ. కాలికింద ఇసుక తగిలినవాళ్ళు సగం అంగే వెయ్యాల. తాళం మాత్రం మారకూడదు. వెదురు విడవకూడదు, ఎవర్నీ లాగకూడదు.”

చప్పట్లు మొదలయ్యాయి. వరస కదిలింది. మొదట ఆనంది కాలు ఇసుకలో దిగింది, తర్వాత ఆమె పక్కవాడిది. వాళ్ళు చిన్నగా నడుస్తున్నారు, కుడి చివరవాళ్ళు ఇంకా గచ్చు మీద పెద్ద అంగలే వేస్తున్నారు. వెదురు పిల్లల చేతుల్లో తనంతట తాను తిరగసాగింది.

“మిస్! తిరుగుతా ఉండాది!” అని అరిచింది ఆనంది, కళ్ళు మూసుకునే. “నేను తిప్పలేదు మిస్!”

“ఎవరూ తిప్పలేదు. నడవండి.”

ఆఖరివాడు ఇసుకలో దిగేసరికి వరస మొత్తం కొత్త దిక్కుకు తిరిగి ఉంది. మళ్ళీ తిన్నగా నడిచారు.

“ఆగండి. ఆ వెదురు వెల్తురు అల. గచ్చు గాలి, ఇసుక గాజు. వెల్తురుకు వంగాలని కోరిక లేదు. ఒక చివర ముందు గాజులో దిగి నిదానించింది, ఇంకో చివర నిదానించలేదు. అందుకే తిరిగింది. ఇప్పుడు చెప్పండి, ఏటవాలుగా కాకుండా నేరుగా ఇసుకలోకి నడిచినారంటే ఏమవుతుంది?”

నలుగురైదుగురు ఒకేసారి, “అందరూ ఒకేసారి దిగుతారు! వంగదు!”

“నడిచి చూడండి,” అని జయప్రియ మళ్ళీ చప్పట్లు మొదలుపెట్టింది. నడిచారు. వంగలేదు. వాళ్ళ కేరింతలు మేడమీది క్లాసుల కిటికీల దాకా పోయాయి. కిటికీలు తెరుచుకున్న చప్పుళ్ళు, ఆ వెనకే బూట్ల చప్పుడు వినిపించాయి.

“టీచర్, ఏమిటిది?” హరిహరన్ గొంతులో మర్యాద తగ్గలేదు. “పిల్లలందరూ కళ్ళు మూసుకుని ఎండలో నడుస్తా ఉండారు. రోడ్డులో పోయేవాళ్ళు నిలబడి చూస్తా ఉండారు.”

“చూడనీండి సార్.”

“నేను మీ మంచికే చెప్పినాను. ఎవరన్నా వీడియో తీసి గ్రూపులో వేస్తే ఏం చెప్పాల నేను?”

“ఫిజిక్సు పాడం జరుగుతా ఉండాది అని చెప్పండి. మొన్న ఫోటో వేసినారు గదా, ఇది కూడా వెయ్యనీండి. రెండూ నేనే.”

“టీచర్, మీరు మొండిగా మాట్లాడతా ఉండారు.”

“అవును సార్. మీరు నన్ను పంపించేది ఉంటే రాసి ఇవ్వండి, తీసుకుంటాను. నా గొంతును మాత్రం పెట్టుకుని నన్ను ఇంటికి పొమ్మంటే పోను. రేపూ వస్తాను. వీడియో వేస్తే రేపూ ఆపుతాను.”

పిల్లలు వెదురు పట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డారు. ఎవరూ కళ్ళు తెరవమనలేదు కాబట్టి కొందరు ఇంకా మూసుకునే ఉన్నారట. తర్వాత మీరా చెప్పి నవ్వింది. హరిహరన్ వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమె వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఆ వారమంతా గేటు దాటేటప్పుడు ఎవరైనా “టీచర్, నిలబడండి” అంటే ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. ఎవరూ అనలేదు. స్మార్ట్ బోర్డు ఎవరూ వెయ్యలేదు. జయప్రియ చెబుతుంటే మీరా బోర్డు మీద బొమ్మలు గీసేది. తప్పు గీస్తే పిల్లలు చెప్పేవాళ్ళు, వాళ్ళు చెప్పే మాటలోనే ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో జయప్రియకు తెలిసిపోయేది.

అందరికీ నచ్చలేదు. పేరెంట్స్ మీటింగులో పెరుమాళ్సామి అనే ఆయన లేచి, “మా బిడ్డకు పబ్లిక్ ఎగ్జామ్ ఉండాది. ఇసుకలో ఆటలు ఏమిటికి? కళ్ళు లేని టీచర్ వెల్తురు పాడం చెప్పేది ఏమి న్యాయం?” అన్నాడు. జయప్రియ అక్కడే ఉంది. లేచి నిలబడింది.

“మీ బిడ్డను ఏ ప్రశ్నైనా అడగండి సార్, మీ ఎదుటే. చెప్పలేకపోతే నన్ను అడగండి. అదీ కుదరకపోతే అప్పుడు న్యాయం మాట్లాడదాం.”

ఆయన అడగలేదు. ఇంకో ఇద్దరు ఆయన పక్షం మాట్లాడారు, ఒక తల్లి జయప్రియ పక్షం మాట్లాడింది. మీటింగు తేలకుండానే ముగిసింది. చివరికి హరిహరన్, “ఈ ఎగ్జామ్ అయ్యేవరకు టీచర్ చెప్పనీండి. తర్వాత చూద్దాం,” అన్నాడు.

“తర్వాత కూడా వస్తాను సార్,” అంది జయప్రియ, అందరూ వినేటట్టు.

ఉదయకుమార్ ఆ మీటింగుకు వచ్చి వెనక గోడ పక్కన నిలబడ్డాడని ఆమెకు తెలియదు. బయటికి వచ్చాక ఆయనే ఆమె పక్కన నడుస్తూ, “బండి తెచ్చినాను,” అన్నాడు.

“పొద్దున వచ్చిన ఆటోలోనే పోతాను,” అంది.

“సరి. అయితే నేనూ ఆటోలో వస్తాను,” అన్నాడు. బండి బడి ముందే వదిలేసి, ఇద్దరూ ఇరుక్కుని కూర్చుని ఇంటికి వెళ్ళారు. దిగేటప్పుడు ఆయన, “ఆ పెరుమాళ్సామి మొహం నువ్వు చూడాల్సింది,” అన్నాడు.

“చెప్పండి, ఎట్ల ఉండింది?”

నడిరోడ్డులో నిలబడి ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. కనుబొమలనుంచి మొదలుపెట్టి, చెమట తుడుచుకున్న కర్చీపు దాకా, చెయ్యి చూపించకుండా, మాటలతోనే పూర్తిగా చెప్పాడు. ఆమె నవ్వుతూనే ఉంది.

పరీక్షలు అయిపోయాయి. ఫలితాలు ప్రతి ఏడాదీ వచ్చినట్టే వచ్చాయి. కొందరికి మంచి మార్కులు, కొందరికి మామూలు, పెరుమాళ్సామి కొడుకు ఫిజిక్సులో గట్టెక్కాడు. వాటిని పట్టుకుని ఎవరూ ఆమెను ఉండమనలేదు, పొమ్మనలేదు. సెలవుల్లో బడినుంచి ఒక్క ఫోను కూడా రాలేదు.

జూన్‌లో బడి తెరిచిన రోజు ఎవరూ పిలవకుండానే జయప్రియ వెళ్ళింది. గేటు దగ్గర వాచ్‌మన్ మాడసామి కుర్చీలోంచి లేచిన చప్పుడు వినిపించింది. ఆమె కర్రను నేలకు ఆనించి ఆగింది, ఏం చెప్పాలో మాటలన్నీ సిద్ధం చేసుకుని. మాడసామి గేటు రెక్క బార్లా తెరిచి, “మిస్, ఈ ఏడాది ప్లస్ టూని మేడమీదికి మార్చినారు. మెట్లు కుడిచేతి పక్క,” అన్నాడు.

మేడమీద కొత్త పిల్లలు. తలుపు దగ్గర ఆమెను చూడగానే గోల ఆగి, గుసగుస మొదలైంది. ఆమె టేబులు తడిమి చూసుకుని, కర్ర మడిచి దాని మీద పెట్టింది.

“నాకు కళ్ళు కనపడవు,” అంది తమిళంలో, బిగ్గరగా. “కాబట్టి ఈ క్లాసులో చేతులెత్తేది లేదు. తెలియకపోతే నోరు తెరిచి అడగాల. ఎవరు మొదలు?”

ఆమె తొందరపెట్టలేదు, నిలబడే ఉంది. అప్పుడు కిటికీ వైపునుంచి, ఇంకా గొంతు సరిగా కుదురుకోని ఒక కుర్రవాడు, “మిస్, ఆకాశం ఏమిటికి నీలం?” అన్నాడు. అందరూ నవ్వారు.

“నవ్వద్దు,” అంది జయప్రియ, చీర కొంగు దోపుకుంటూ. “మంచి ప్రశ్న. లేచి ఇట్ల రా.”